గోనెపట్ట ఆరేలోగా

"నీ తమ్ముణ్ణి చంపింది ఆ విక్టరేనప్పా," అన్నాడు చీఫ్ శ్రీనివాసులు.

1955 ఏప్రిల్. రాజధాని కర్నూలు ఎండకు మండిపోతోంది. ఏజెంట్ మద్దిలేటి పిడికిలి బిగుసుకుంది.

"వాని బాంబుకు గడియారం ఉండదు. సీల్ చేసిన గ్యాస్ సిలిండర్. వాల్యూమ్ మారదు, గ్యాస్ మారదు, గ్యాస్ కాన్‌స్టంట్ 'ఆర్' అసలే మారదు. ఎండకు వేడెక్కేకొద్దీ ప్రెషర్ పెరుగుతుంది. దాని మీటరు ముల్లు ఎర్రగీత తాకితే పేలుతుంది. అట్లాంటివి రెండు దిగినాయి. విక్టర్ ఎర్రగుంట్లకు వస్తాండాడు."

ఎర్రగుంట్ల ప్లాట్‌ఫాంపై మద్దిలేటి హమాలీ వేషంలో నిలబడ్డాడు. పట్టుచీర, నల్లకళ్లద్దాల అందగత్తె పక్కకు వచ్చింది. కృపమణి. విక్టర్ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"ఒంటిమిట్ట తేరు కదిలినాదా?"

"పానకం పంచుతాండారు."

కోడ్ కలిసింది. "వేషం మార్చినాడన్నా. ఏం వేషమో నాకూ చెప్పల్యా," గుసగుసలాడింది.

బెంచీ మీద ఒళ్లంతా బూడిద పూసుకున్న మౌనసాధువు. పక్కన తడి గోనెపట్ట చుట్టిన పాత్ర. ఒక ముసలామె దోసిలి పట్టింది.

"సామీ, గుక్కెడు నీళ్లు పోయప్పా."

సాధువు అడ్డంగా తల ఊపాడు.

మద్దిలేటికి ఒళ్లు మండింది. ఈ సీమలో దొంగ కూడా దాహమన్న మనిషికి నీళ్లు లేవనడు. ఆ తడిపట్ట తాగేనీళ్ల చల్లదనానికి కాదు, సిలిండర్ వేడెక్కకుండా! రివాల్వర్ సాధువు డొక్కకు ఆనింది.

గూడ్స్ షెడ్ వెనక, మిట్టమధ్యాహ్నం ఎండలో విక్టర్‌ను సిలిండర్‌కే కట్టేశాడు. గోనెపట్ట ఆరిపోతోంది. ముల్లు పాకుతోంది.

"రెండోది యాడుండాది?"

"పేలితే నువ్వూ చస్తావు!"

"చస్తా. మా తమ్ముడు ఓబులేసు కాడికి నిన్ను ఎంటబెట్టుకొని పోతా."

ముల్లు ఎర్రగీతను సమీపించింది.

"బేతంచెర్ల! కూలీల రైలు, చివరి వ్యాగన్! నీళ్లు పోయ్!"

కృపమణి ఫోన్ దగ్గరకు పరుగెత్తింది. బేతంచెర్లలో వ్యాగన్ మీద నీళ్లు కుమ్మరించారు. గీత అంచుదాకా వచ్చిన అక్కడి ముల్లు వెనక్కి తిరిగింది. రైలునిండా కూలీలు బతికారు.

ఇక్కడ మద్దిలేటి షెడ్ గోడవారనున్న నీళ్ల కడవ ఎత్తి, దాహంతో వెంట వచ్చిన ముసలామె దోసిట్లో పోశాడు. మిగిలింది తాను తాగాడు. విక్టర్ కేక పెట్టాడు. ముల్లు గీతను తాకింది.

ఏమీ కాలేదు.

"వీణ్ణి కట్టేటప్పుడే డిటోనేటర్ వైరు పీకేసినా," అన్నాడు మద్దిలేటి. "నా తమ్ముడు పడిన భయం వీడూ పడల్ల గదా. మిగతాది ఉరితాడు చూసుకుంటాది."

ఫోన్ చేసి తిరిగొచ్చిన కృపమణి చెమట తుడుచుకుంది. "నాకన్నా చెప్పొచ్చు గదన్నా?"

"ఈ కేసులో మారనిది, రెండు పక్కలా పనిచేయనిది ఒక్క గ్యాస్ కాన్‌స్టంట్ 'ఆరే', తల్లీ."