చివరి గదిలో కేకలు

నిఘంటువు ఆఫీసులో మేడమీద చివరి గది పేరెత్తితే చాలు, వాచ్‌మన్ కుక్క తోక ముడిచేది. పొద్దుగూకాక తాళం వేసిన ఆ గదిలోంచి కేకలు వినిపిస్తాయని అందరూ అనేవారు. ఒక్కో కేకకి మూడు వీధుల అవతల పిల్లలు మంచాల మీంచి దొర్లిపడేవారట! అక్కడ పనిచేసే మా తమ్ముడు చెప్పిందే చెబుతున్నా... నా సొంతం ఒక్క ముక్క లేదు.

పగలు ఆ గదికో పనుంది. అరుపులకి సంబంధించిన మాట ఏదొచ్చినా, అక్కడికెళ్లి గొంతెత్తి అరిచి చూశాకే అర్థం రాయాలి. పెద్ద సంపాదకుడు పెట్టిన రూలు.

మా వాడికి ‘స్క్రీమ్’ అనే ఇంగ్లీషు మాట తగిలింది. ‘అరుపు’ అని రాస్తే చప్పగా ఉంది. ‘గావుకేక’ మరీ ఎక్కువైంది. భయపడితే అదే మాట, నవ్వాపుకోలేకపోతే అదే, బ్రేకు వేసిన బండి చప్పుడుకీ అదే! పదకొండు రోజులు... కొట్టేసిన కాగితాలు మోకాలి లోతు పేరుకున్నాయంటే నమ్మండి.

“తెల్లారేసరికి పేజీ ప్రెస్సుకి వెళ్లకపోతే నువ్వు ఇంటికి వెళ్లొచ్చు” అన్నాడు పెద్దాయన.

“చావనైనా చస్తాను గానీ ఆ గదిలోకి రాత్రిపూట పోనక్కా!” అని ఫోనులో నామీద ఎగిరాడు తమ్ముడు.

“ఉద్యోగం పోతే మా ఇంటికి మాత్రం రాకు” అన్నాను.

వెళ్లాడు. వరండాలో లైటు లేదు. గోడ తడుముకుంటూ ఒక్కో అడుగు...

కెవ్వుమని ఓ కేక!

ఆగింది. తర్వాత పగలబడి నవ్వుతూ ఓ కేక. ఆపైన ఇనుముమీద ఇనుము గీసినట్టు కీచుమంటూ మరొకటి—

తలుపు సందులో వెలుతురు. లోపల కలం గీకుతున్న చప్పుడు. హమ్మయ్య... పెద్దాయనే అరిచి రాసుకుంటున్నాడన్నమాట! తలుపు తోశాడు. పెద్దాయనే.

“రావోయ్” అన్నాడాయన గుసగుసగా, కలం ఆపకుండా. “నాకిక గొంతు లేవదని దిగాలుగా కూర్చున్నా. బయటినుంచి మూడూ బ్రహ్మాండంగా అరిచావు. కెవ్వున అరచు, పగలబడి నవ్వు, కీచుమను... పేజీ గట్టెక్కింది. నీ ఉద్యోగమూ గట్టెక్కింది.”

“నేనెక్కడ అరిచానండీ? మీరనుకున్నా...”

కలం ఆగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు బీరువా వెనకనుంచి ఓ గొంతు, విసుగ్గా—

“పదకొండు రోజులా, ఒక్క మాటకి? రాసుకున్నారుగా... ఇక లైటు ఆర్పి బయల్దేరండి. పడుకోవాలి.”