వింగ్ కమాండర్ గారి ఏడో అధ్యాయం

2012 ఆగస్టులో మాధురికి ఒక పెద్ద పని దొరికింది. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో ఆమెకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. అశోక్‌నగర్‌లో ఉండే వింగ్ కమాండర్ రామచంద్రరావు గారు తన జీవితకథ చెప్తే, రికార్డు చేసుకొచ్చి టైపు చేయాలి. ఇరవై రెండేళ్లు మిగ్ యుద్ధవిమానాలు నడిపి, ఆ తర్వాత పద్నాలుగేళ్లు ప్రయాణికుల విమానాలకు కెప్టెన్‌గా చేసిన మనిషి. డిసెంబరులో పుస్తకావిష్కరణ అని హాలు కూడా మాట్లాడి పెట్టుకున్నాడు.

రోజూ మధ్యాహ్నం వెళ్లేది. ఆయన అన్నం తింటూనే చెప్పేవాడు. ఆ తినే తీరే ఆమెకు సయించేది కాదు. వేళ్ల సందుల్లోంచి జారిన పులుసును ముంజేతి దాకా నాకేవాడు. నోట్లో ముద్ద ఉండగానే యుద్ధం మొదలుపెట్టేవాడు. మెతుకులు ఎగిరి రికార్డర్ మీద పడేవి. మాధురి గుడ్డతో తుడుచుకునేది. వంటచేసే బాలనాగమ్మ గోడవైపు తిరిగి నిలబడేది.

ఏడో అధ్యాయం రాజీవ్ చావు. 1984లో రెండు విమానాలు మబ్బులోంచి కొండల మీదుగా తిరిగొస్తున్నాయి. ముందు రామచంద్రరావు, వెనక రాజీవ్ అనే పాతికేళ్ల పైలట్.

"పైకి లేవుమని మూడుసార్లు చెప్పిన. వినలే. తొందరపడి దిగిండు, కొండకు తాకిండు. విమానంల పోసేది కిరోసినే గద, అంత కాలిపోయె," అన్నాడాయన, కోడి బొక్క చీకుతూ.

మరునాడు పొద్దున మాధురి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని టైపు చేయడానికి కూర్చుంది. ఎక్కడినుంచో కిరోసిన్ వాసన వచ్చింది. దాని వెనకే వెంట్రుకలు కాలిన వాసన. పక్క హోటల్లోంచి అనుకుంది. ఇంతలో ఆయన గొంతు కింద మరేదో వినబడింది. ఊపిరి. పైలట్లు పెట్టుకునే రబ్బరు మాస్కులోంచి తీస్తున్నట్టు, తడితడిగా, గరగరమంటూ...

"పైకి లేవుమని చెప్పిన" అన్నచోట ఆ ఊపిరి ఆగింది. ఒక కుర్రవాడి గొంతు గుసగుసలాడింది.

"సార్... ఏం కనిపిస్తలేదు. పైకి పోవాల్నా?"

తర్వాత రామచంద్రరావు గొంతే. కానీ వయసులో ఉన్నప్పటిది. "వద్దు. నా వెనకే దిగు."

మళ్లీ ఊపిరి.

"సార్... మీరెక్కడున్నరు?"



మాధురి ఇయర్‌ఫోన్స్ పీకేసింది. చెవిలోంచి వెచ్చగా ఏదో కారింది. వేలు పెట్టి చూసుకుంది. పలచటి గోధుమరంగు నీళ్లు. మాడిన మాంసం కంపు. సందు చివర మోరీ దాకా పరుగెత్తి వాంతి చేసుకుంది.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. ఫ్యాను ఆగిన గదిలో ఆమె రికార్డర్‌ను ఆయన పళ్లెం పక్కన పెట్టి నొక్కింది. ఆయన తినడం ఆపకుండానే విన్నాడు.

"నీకు గూడ వినబడ్డదా?"

"మీరే ఆయనను దిగమన్నరు సార్."

"అవును. కొండ కనబడంగనే నేను నా విమానం పైకి లేపుకున్న. వానికి చెప్పే టైం లేకుండె." ముద్ద మింగాడు. "టైం ఉండె. నోరు రాలే. ఎంక్వైరీల నిజం చెప్తే నా నౌకరి పోతుండె. ప్యాసింజర్ ఫ్లైట్ల గూడ రోజు చెవిల ఇదే ఊపిరి. అలవాటైతది అమ్మా."

"మరి వాళ్లింటోళ్లు?"

"భార్య ఉన్నది, కమల. నల్లకుంటల ఉంటది. ‘మా ఆయన తప్పు కాదని ఒక్క మాట రాసియ్యుండ్రి’ అని మూడుసార్లొచ్చింది. చాయ్ తాగించి పంపిన." వేళ్లు ఒక్కొక్కటే చీకాడు. "నువ్వు నేను చెప్పింది టైప్ చెయ్యి."

మాధురికి అప్పుడు భయం వేయలేదు. రోత పుట్టింది. పొద్దున చెవిలో కారిన నీళ్లకన్నా ఆ నోరే అసహ్యమనిపించి, రికార్డర్ తీసుకుని లేచింది.

సాయంత్రం కూర్చుని, రికార్డర్‌లో విన్నదీ, ఆయన ఒప్పుకున్నదీ ఒక్క మాట పోకుండా టైపు చేసింది. ఒక కాపీ నల్లకుంట వెళ్లి కమల గారి చేతిలో పెట్టింది. ఆమె గుమ్మంలో నిలబడే అంతా చదివింది. "ఇరవై ఎనిమిదేండ్లు," అంది అంతే. తలుపు వేసుకుంది. రెండో కాపీ మాధురి బాలనాగమ్మకిచ్చి, "సార్‌కు ఇయ్యి. నేనింక రాను," అని గడప ఎక్కకుండానే తిరిగొచ్చింది.

మూడోనాడు బాలనాగమ్మే సెంటర్‌కు వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఉంది.

"అమ్మా, జర రా. సారు ఆ కాయితాలు చదివిండు. అప్పటిసంది తిండి లేదు, కదులుడు లేదు. ఊకె ఊపిరి తీస్తుండు." గొంతు తగ్గించింది. "ఆ ఊపిరి సారుది కాదు."

వెళ్లేసరికి నారాయణగూడ నుంచి డాక్టరు వచ్చి ఉన్నాడు. ఇల్లంతా కిరోసిన్ కంపు. రామచంద్రరావు కుర్చీలో నిటారుగా, కళ్లు తెరిచి కూర్చున్నాడు. ముందున్న పళ్లెంలో మూడునాళ్ల అన్నం బూజుపట్టి నీరు కారుతోంది. ఆయన నోటి మూలల్లోంచి గోధుమరంగు చొంగ గడ్డం మీదుగా చొక్కాలోకి దిగుతోంది. ఊపిరి... గరగరమంటూ... తడిగా...

పెదవులు కదలలేదు. మాట మాత్రం వచ్చింది. ఆ కుర్రవాడి గొంతు.

"సార్... నేల ఎంత దూరముంది?"



"ముఖానికి ఏం కట్టిన్రు?" అని అడిగాడు డాక్టరు. ముక్కు మీది నుంచి బుగ్గల పక్కగా గడ్డం కింది దాకా ఎర్రటి గీత ఉంది. మాస్కు అంచు దిగినట్టు.

"ఏం కట్టలే సారూ," అంది బాలనాగమ్మ.

డాక్టరు ఆ గీత మీద వేలు పెట్టాడు. వెంటనే తీసేసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. మాధురి వైపు చూసి మెల్లగా అన్నాడు.

"పైనుంచి నొక్కితే చర్మం లోపలికి దిగాలె గద అమ్మా. ఇది లోపల్నుంచి నొక్కినట్టు బయటికి ఉబ్బింది."