బాతు తలుపు కొక్కెం

గోడ మీద విమానం మండుతోంది. ప్రొజెక్టర్ టక్కుమంది. బొమ్మ మారింది. ఇంకో విమానం, ఇంకో మంట.

"ఇది మూడోది," అన్నాడు పెద్దాయన.

పెద్దాయన ఆ గూఢచారి శాఖకు అధిపతి. శాఖకు పేరు లేదు. తలుపు మీద 'తూనికలు, కొలతలు' అని బోర్డు మాత్రం ఉంటుంది. ఎదురుగా కూర్చున్న ఏజెంటు కోడ్ నేమ్ పాదరసం. ఇంట్లోవాళ్ల దృష్టిలో అతను దుకాణాల తక్కెడలకు సీళ్లు వేసే ఉద్యోగి.

"సైనిక రవాణా విమానం," అన్నాడు పెద్దాయన. "పొట్ట పెద్దది, కాళ్లు పొట్టివి. అందుకే సిబ్బంది బాతు అంటారు. ఇప్పటికి అయిదు పడ్డాయి. మొదటిది మంచులో కొండకు తగిలింది. రెండోది రన్‌వే దాటిపోయింది. మూడోదానికి పక్షులు అడ్డొచ్చాయి. నాలుగు, అయిదు పైలట్ పొరపాటు. విచారణలో తేల్చారు."

"తేల్చారా, తేలిందా?"

పెద్దాయన బొమ్మ మార్చాడు. పొలంలో పడి ఉన్న పెద్ద లోహపు తలుపు. చుట్టూ పైరు పచ్చగా ఉంది. ఎక్కడా మసి లేదు.

"అయిదోదాని వెనక తలుపు. విమానం దొరికిన చోటికి చాలా ఇవతల దొరికింది."

అంటే ముందు తలుపు ఊడింది. ఆ తర్వాతే విమానం పడింది. పాదరసం ఆ పచ్చటి పైరు వంకే చూస్తూ ఉండిపోయాడు. అతని అక్క కొడుకు బాతులో లోడ్‌మాస్టర్. సరుకు ఎక్కించి, గొలుసులతో బిగించి, ఆ వెనక తలుపు పక్కనే కూర్చోవడం వాడి ఉద్యోగం. ఆ సంగతి పెద్దాయనకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"ఆ తలుపును పట్టి ఉంచేది ఒక కొక్కెం. అరచేయంత ఉక్కు ముక్క. శిథిలాల షెడ్డులోంచి మాయమైంది. 'నీలి గొడుగు' ముఠా చేతిలో పడింది. రేపు మధ్యాహ్నం రేవులో ఓడెక్కుతుంది. తీసుకెళ్లేది వయొలిన్."

"వయొలిన్ మన మనిషి కదా?"

"మన మనిషే. వాళ్ల మనిషి కూడా."

"విరిగిన కొక్కెంతో వాళ్లకేం పని?"

"బాతుకు ఎక్కడ కొడితే పడుతుందో తెలిసిపోతుంది. ఆకురాయితో కొక్కేన్ని అరగదీసే ఒక్క కూలివాడు చాలు, మన విమానాలన్నిటినీ కూల్చడానికి."

పెద్దాయన సొరుగులోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి అచ్చం అలాంటిదే నకిలీ కొక్కెం. బరువు కూడా అంతే. రెండోది తోలు గ్లవ్. దాని అరచేతిలో అయస్కాంతం కుట్టి ఉంది.

"రేవులో సామాను తూచే కాటా దగ్గర నువ్వే తూనికల ఇన్‌స్పెక్టర్‌వి. వేషం కష్టమేమీ కాదు."

పాదరసం నవ్వలేదు. "కొక్కెం తెస్తాను. తర్వాత?"

"నా బల్ల మీదికి వచ్చిన రోజే విమానాల భద్రత చూసే ఇంజనీరు చేతికి వెళ్తుంది. ఆయన ఆపమంటే బాతులన్నీ ఆగుతాయి."

"మాటేనా?"

"మాటే."

* * *

ఇంట్లోవాళ్లు తను చేస్తున్నాడనుకునే ఉద్యోగాన్ని పాదరసం మొదటిసారి నిజంగా చేశాడు. రేవు షెడ్డులో కాటా పక్కన నిలబడి పెట్టెలు తూచాడు. సీళ్లు వేశాడు. ఒక ముసలావిడ తన మూట బరువు ఎక్కువ చూపిస్తున్నాడని అతన్ని దొంగ అంది. ఆవిడ చెప్పింది నిజమే. కాటా కొద్దిగా తప్పు చూపిస్తోంది. సరిచేసి, మళ్లీ తూచి పంపించాడు.

వయొలిన్ వచ్చింది. పచ్చని సిల్కు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, చేతిలో వాయిద్యం పెట్టె. షెడ్డులో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి తలలు తిప్పి, మళ్లీ తమ సామాన్లు గుర్తొచ్చినట్టు సర్దుకున్నారు. వెనకాల ముఠా మనిషి ఒకడు. మెడ లేదు, భుజాల మీదే తల పెట్టినట్టున్నాడు.

"ఈ తూకం నమ్మొచ్చా?" అంది. అది కోడ్.

"సీలు వేసింది నేనే. నమ్మకపోవడమే మంచిది." అది జవాబు.

ఆమె మెడ లేనివాడి వైపు తిరిగింది. "నా టికెట్టు మీద కిటికీ పక్క గది రాయించుకురా. లేకపోతే నేనెక్కను." వాడు గొణుక్కుంటూ కౌంటర్ వైపు వెళ్లాడు.

ఆమె పెట్టె తెరిచింది. వయొలిన్ కింద మఖ్మల్ గుడ్డ. గుడ్డలో కొక్కెం. పాదరసం జేబులోంచి భూతద్దం తీసి వంగాడు. విరిగిన ఉక్కు అంచు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. గరుకుగా, గింజలు గింజలుగా ఉంటుంది. ఇది అలా లేదు. వాడగా వాడగా మిగిలిన సబ్బు ముక్కలా నున్నగా ఉంది.

"విరగలేదు," అన్నాడు మెల్లగా. "అరిగిపోయింది."

"అవును. ఎవరూ కూల్చలేదు. ఎవరూ చూసుకోలేదు, అంతే." ఆమె కళ్లద్దాలు తీసింది. "కొనేది మీ శత్రువు కాదు. ఇంకో విమానాల కంపెనీ. విలేకరులందరినీ పిలిచి దీన్ని బల్ల మీద పెడతారు. మీ బాతులు పనికిరావని, తమవి కొనమని చెబుతారు. వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ ఆ సాయంత్రానికి మీ బాతులన్నీ నేల మీద కూర్చుంటాయి."

"నిజమని ఎలా నమ్మను?"

"నేను ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటాను. ఇద్దరికీ నిజమే చెబుతాను. సగం సగం. నీకు మాత్రం ఇవాళ మొత్తం చెప్పాను." ఆమె పెట్టె మూసింది. "నన్ను పోనివ్వు. నీకేం పోయింది? కొక్కెం పోయిందని చెప్పు. రెండు చీవాట్లు తింటావు."

ఓడ కూత వేసింది. మెడ లేనివాడు తిరిగి వచ్చి పెట్టె అందుకున్నాడు. ఇద్దరూ ఓడ మెట్ల వైపు నడిచారు.

పాదరసం నిలబడిపోయాడు. ఆమె చెప్పింది నిజమైతే, ఊరుకుంటే చాలు. అబద్ధమైతే, ఆ కొక్కెం చూసి ఎవడో ఆకురాయి పట్టుకుంటాడు. ఇటుపక్క పెద్దాయన మాట ఉంది. చేతికొచ్చిన రోజే ఇంజనీరు చూస్తాడన్నాడు. ఇన్నేళ్లలో ఆయన మాట తప్పడం అతను చూడలేదు. ఇన్నేళ్లలో ఆయన్ని ఏమీ అడగలేదని ఆ క్షణంలో అతనికి తోచలేదు.

ఓడ మెట్లు పైకి లాగడం మొదలుపెట్టారు.

"ఆగండి," అన్నాడు. "ఆ పెట్టెకు సీలు పడలేదు."

మెడ లేనివాడు పళ్లు నూరాడు. నావికుడు సీలు లేనిదే ఎక్కనివ్వనన్నాడు. పెట్టె మళ్లీ కాటా మీదికి వచ్చింది. పాదరసం మూత ఎత్తి, తనిఖీ చేస్తున్నట్టు లోపల చెయ్యి పెట్టాడు. గ్లవ్‌కు అసలు కొక్కెం అతుక్కుంది. చొక్కా చేతిలోంచి నకిలీది మఖ్మల్ గుడ్డలోకి జారింది. కాటా ముల్లు ఒక్కసారి వణికి, మళ్లీ అదే అంకె మీద నిలిచింది.

వయొలిన్ ఆ వణుకు చూసింది. అరవలేదు. ఎవరినీ పిలవలేదు.

"మీ పెద్దాయన మాట మీద నీకింకా నమ్మకం ఉంది," అంది సీలు వేయించుకుంటూ. "నాకు ఎవరి మాట మీదా లేదు. అందుకే నాకు జీతం ఎక్కువ."

మెట్లు పైకి లేచాయి. ఆమె పచ్చ స్కార్ఫు ఓడ రెయిలింగు దగ్గర కాసేపు కనిపించింది.

* * *

పెద్దాయన కొక్కేన్ని దీపం కింద తిప్పి చూశాడు. "శభాష్," అన్నాడు. స్టీలు డబ్బాలో పెట్టాడు. డబ్బాకు లక్క సీలు, సీలు మీద 'అతి రహస్యం' ముద్ర.

"ఇంజనీరుగారు బయట కూర్చున్నారు," అన్నాడు పాదరసం. "పొద్దుటి నుంచీ."

"తెలుసు. నేనే రమ్మన్నాను." పెద్దాయన డబ్బా మీద చెయ్యి వేశాడు. "చిన్న చిక్కు. నువ్వు తెచ్చేదాకా ఇది పోయిన సామాను. ఇప్పుడు శత్రువుల నుంచి స్వాధీనం చేసుకున్న వస్తువు. అంటే అతి రహస్యం. అతి రహస్యాలు చూసే అనుమతి ఇంజనీరుకు లేదు."

"ఇప్పించండి."

"నా చేతిలో లేదు. పై కమిటీ ఇవ్వాలి. మొన్ననే కూర్చున్నారు. మళ్లీ ఎప్పుడు కూర్చుంటారో."

"మాట ఇచ్చారు."

"ఇచ్చాను." పెద్దాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. అదే పాదరసానికి కష్టంగా తోచింది. అబద్ధమైతే కోపమైనా వచ్చేది. "నేను కాగితం పెట్టాను. ఇంకేం చెయ్యమంటావు?"

వరండాలో ఇంజనీరు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో భూతద్దం, కొలత పరికరాలు. పాదరసం పక్కన కూర్చుని, గోడ వైపు చూస్తూ అన్నాడు: "అరిగింది. విరగలేదు."

"నేననుకున్నదే," అన్నాడు ఇంజనీరు. "తలుపు ఊడితే విమానం నేల కింద ఉన్న తీగల్ని తెంపుకుపోతుంది. తోక ఆ తీగల మీదే కదులుతుంది. పైలట్ లాగుతాడు. తోక కదలదు. ఆ తర్వాత ఏం చేసినా పైలట్ పొరపాటే."

"ఆపించండి మరి."

"విన్న మాట మీద విమానాలు ఆగవు బాబూ. వస్తువు చూసి, కొలిచి, సంతకం పెట్టాలి. నీ పేరు చెప్పనా?"

చెప్పడానికి పాదరసానికి పేరు లేదు.

* * *

ఆ సాయంత్రమే మేనల్లుడికి ఫోన్ చేశాడు.

"ఏం మావయ్యా, తక్కెడలన్నీ కుశలమా?"

"రేపు పొద్దున ఎక్కుతున్నావా?"

"ఎక్కుతున్నా. ఏం?"

"జ్వరమని చెప్పు."

అవతల నవ్వు. ఆ నవ్వు మధ్యలో తగ్గింది. "ఎందుకు?"

"కారణం అడక్కు. నా మాట విను."

"నాకు జ్వరమంటే నా బదులు ఇంకొకడు ఎక్కుతాడు మావయ్యా. వాడికీ ఎవరో ఒక మావయ్య ఉంటాడుగా."

ఫోన్లో వాడి పక్కనే అక్క గొంతు వినిపిస్తోంది. ఎవరితో అంతసేపు, అన్నం చల్లారిపోతోంది, అంటోంది.

"వెనక తలుపుకు హెచ్చరిక దీపం ఉంటుంది కదా," అన్నాడు పాదరసం.

"నీకెలా తెలుసు? అది రోజూ వెలుగుతుంది. ఊరికే. గోటితో రెండుసార్లు కొడితే ఆరిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకు మేం నేర్పే మొదటి పాఠం అదే."

పాదరసం కళ్లు మూసుకున్నాడు. "రేపు కొట్టు. ఆరినా నమ్మకు. లేచి వెళ్లి కొక్కేన్ని కళ్లతో చూడు. నాకోసం."

"సరే మావయ్యా. చూస్తాలే."

* * *

మర్నాడు బాతు మబ్బుల మీద ఎగురుతుండగా హెచ్చరిక దీపం వెలిగింది. మేనల్లుడు గోటితో కొట్టాడు. ఆరింది. పక్కనున్నవాడు పేకముక్కలు పంచుతున్నాడు. "కూర్చోరా, నీ చేతికి మంచి ముక్కలొచ్చాయి," అన్నాడు. వీడు మాట ఇచ్చాడు కనుక లేచాడు. టార్చి వేసి చూశాడు. కొక్కెం తన చోట లేదు. గోరంత అంచు మీద వేలాడుతోంది.

సరుకు బిగించే గొలుసులు రెండు లాక్కొచ్చి తలుపు కడ్డీలకు చుట్టాడు. రెండో గొలుసుకు గడియ పడిన క్షణాన కొక్కెం జారింది. తలుపు జానెడు తెరుచుకుని, గొలుసుల మీద ఆగింది. ఆ జానెడులోంచి గాలి, వెలుతురు, కింద మబ్బులు, పేకముక్కలన్నీ ఎగిరిపోవడం. పైలట్ విమానాన్ని మెల్లగా వెనక్కి తిప్పాడు. బాతు దిగింది.

మధ్యాహ్నానికి పెద్దాయన పాదరసాన్ని పిలిచాడు. "అలాంటి వస్తువే ఇంకోటి బయటపడింది. ఒక కుర్రాడు విమానంలోంచి ఊడదీసి, జేబులో పెట్టుకుని అందరికీ చూపిస్తున్నాడట. నువ్వెళ్లి తీసుకురా." కాసేపాగి అన్నాడు: "ఇంకొకరిని పంపగలను. పంపమంటావా?"

"వద్దు. నేనే వెళ్తాను."

ఎయిర్ బేస్‌లో మేనల్లుడు అతన్ని చూసి నిలబడిపోయాడు. చేతులకు గొలుసు ఒరుసుకున్న గాట్లు.

"నువ్వెందుకొచ్చావు మావయ్యా ఇక్కడికి?"

"ఆ కొక్కెం... తూచాలట."

మేనల్లుడు అతని ముఖంలోకి చూశాడు. నిన్నటి ఫోను, ఇవాళ్టి ఈ రాక, రెండూ వాడి కళ్లలో ఒకచోట కలిశాయి. జేబులోంచి కొక్కెం తీసి మావయ్య అరచేతిలో పెట్టాడు.

"తూచి ఏం చేస్తారు?"

"భద్రంగా ఉంచుతారు."

"ఇంజనీరుకు చూపిస్తారా?"

పాదరసం వేళ్లు ముడిచాడు. "సోమవారం మళ్లీ ఎక్కాలి," అన్నాడు మేనల్లుడు. "గొలుసులు రెండు నా సొంత సంచిలో పెట్టుకున్నా. అమ్మతో అనకు."

ఆ సాయంత్రం పెద్దాయన రెండో డబ్బాకు సీలు వేసి, ఇనప బీరువాలో మొదటిదాని పక్కన పెట్టాడు. ముఠా ఓడిపోయింది. దేశ రహస్యం ఒక్కటీ గడప దాటలేదు. వరండాలో ఇంజనీరు ఇంకా కూర్చునే ఉన్నాడు. పాదరసం బీరువా వంక చూశాడు. పెద్ద బీరువా. ఇంకా చాలా చోటుంది.