పాట అందించేటాయన

శనివారం పొద్దున ఈరమ్మ ఇంట్లో మళ్లీ పాలు పొయ్యిపాలయ్యాయి. ఆ వారంలో అది మూడోసారి. ముప్పై ఏళ్లు యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో మూడొందల మందికి వండి, ఒక్కనాడూ అన్నం మాడనివ్వని మనిషి అర్ధ లీటరు పాలు కాచలేకపోతోందంటే కారణం ఆమె చెవుల్లో ఉంది. కూతురు రజిని ఇయర్‌ఫోన్లు ఇచ్చి, ఫోన్లో పాట ఎలా పెట్టుకోవాలో నేర్పిన దగ్గర్నుంచి ఆమెకు లోకం పట్టడం లేదు.

ఆ పాట ఆమె పాడిందే. "ఎండిన వాగుల ఊట నీవే తండ్రీ" అని, జనగామ దిక్కు వాళ్ల ఊళ్లో నాట్లకు పోయే ఆడవాళ్లు ఎప్పుడో కట్టుకున్న ఏసయ్య పాట. నలభై ఏళ్లుగా తార్నాకలో, సీతాఫల్‌మండిలో, ముషీరాబాదులో ఎవరింట్లో ప్రార్థన కూడిక ఉన్నా ఈరమ్మ, ఆమె భర్త ఎంకన్న, డోలక్ వాయించే రాజలింగు, ఇంకో ముగ్గురు కలిసి వెళ్లి పాడి వచ్చేవారు. వాళ్లది ఊట కీర్తన మండలి. ఇప్పుడు క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న రజిని, ఆమె స్నేహితులూ గిటారు, కీబోర్డు కలిపి ఆ పాటను రికార్డు చేశారు. రేపు ఆదివారం సాయంత్రం క్యాంపస్ ఆడిటోరియంలో పెద్దవాళ్లూ పిల్లలూ ఒకే స్టేజీ మీద పాడబోతున్నారు.

"దేవుడు నా గొంతుల ఇంత తేనె పోసిండా!" అని తనలో తాను మురిసిపోతూ ఈరమ్మ మాడిన గిన్నె తోమడానికి కూర్చుంది. అరవై నాలుగేళ్ల వయసులో తన గొంతు తాను విని మురిసే భాగ్యం ఎందరు ఆడవాళ్లకు దక్కుతుంది కనక! మురవనివ్వాలి.

ఎంకన్న వాకిట్లో డ్రమ్ముకు నీళ్లు పడుతున్నాడు. చర్చి రిజిస్టర్లో ఆయన అబ్రహాము, ఆమె శారా. ఆ పేర్లతో వాళ్లను పిలిచింది బాప్తిస్మమిచ్చిన పాస్టరు ఒక్కడే, అదీ ఒక్కసారే.

"ఏమయ్యా, మూడు గంటలకు ప్రాక్టీసు. తెల్లంగీ ఇస్త్రీ చేసిపెట్టిన," అంది ఈరమ్మ.

"నేను రాను. నువ్వు వో."

"రావా? గొంతు నొస్తున్నదా ఏంది?"

"నా గొంతుకు కొత్తగ అయ్యేదేమున్నది? గాడ నాతోని పని లేదు," అని ఎంకన్న పైపు చుట్టేసి, తువ్వాల భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు.

ఐదు రోజులుగా ఆయన ముభావంగానే ఉన్నాడు. ఈరమ్మ అడగలేదు. నిజం చెప్పాలంటే, అడగడానికి ఆమె చెవులు ఖాళీగా లేవు.

పది గంటలకు రాజలింగు డోలక్ చంకనేసుకుని వచ్చాడు. చాయ తాగుతూ అటూ ఇటూ చూశాడు.

"అన్న ఏడి వదినా?"

"ఏమో మరి. ప్రాక్టీసుకు రానన్నడు. ఏమైందో చెప్పడు."

రాజలింగు గ్లాసు కింద పెట్టాడు. "నీకు తెల్వదా? గా పాట ఇంటున్నవు గదా రోజు. గా పాటల అన్న ఏడున్నడు?"

"ఏడుండుడేంది? అందిస్తనే ఉన్నడు గదా!"

"మల్లొక్కసారి ఇను," అన్నాడు రాజలింగు మెల్లగా.

ఎంకన్న పని పాట అందించడం. వాళ్ల ఊరి గుడిసె చర్చిలో చదువొచ్చినవాళ్లు లేరు. ఐదో తరగతి దాకా చదివిన ఎంకన్న ఒక్కడే పుస్తకం పట్టుకుని ముందు ఒక చరణం మాటగా చెప్పేవాడు, జనం దాన్ని అందుకుని పాడేవారు. ఆయన చెప్పడం, వాళ్లు పాడటం, అలా పాట నడిచేది. పట్నానికి వచ్చాక చర్చిల్లో గోడ మీద తెరలొచ్చి అందించేవాళ్ల అవసరం పోయింది, కానీ మండలి మాత్రం ఆ పద్ధతి వదల్లేదు. పదేళ్ల కింద గొంతుకు ఆపరేషనయ్యాక ఎంకన్నకు రాగం పోయింది. మాట మిగిలింది. ఆ మాటే ఆయనకు మండలిలో ఉన్న చోటు.

ఈరమ్మ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట మొదట్నుంచి విన్నది. తన గొంతు, ఆ తర్వాత సన్నగా గిటారు. మళ్లీ తన గొంతు, మళ్లీ గిటారు. ఎంకన్న లేడు. పాట మొత్తంలో ఎక్కడా లేడు.

"రజినీ!" అని కేకేసింది.

స్నానం చేసి తల తుడుచుకుంటున్న రజిని పరుగున వచ్చింది.

"మీ నాయిన మాట ఏమైందే పాటల?"

"అదా... ఎడిట్ చేసినం అమ్మా. లైన్ లైన్‌కు ముందల నాయిన మాట వస్తుంటే మ్యూజిక్ ఆగిపోయినట్టు అయితున్నది. మా గిటారు వాయించే హేమంత్ అన్నడు, నాటకంలో తెర ఎనక నిలవడి డైలాగ్ చెప్తరు గదా, గది జనానికి ఇనబడద్దు గదా అని. నాకు గూడ కరెక్టే అనిపించింది."

"తెర ఎనక మనిషా? మీ నాయిన తెర ఎనక మనిషా?" ఈరమ్మ గొంతు లేచింది. "నలభై ఏండ్లు ఆయన చెప్తేనే మేం పాడినం. ఆపరేషనైనంక మూడు నెలలు మాట రాక గోడ దిక్కు చూసుకుంట ఏడ్చిన మనిషే ఆయన! డాక్టరు కోయంది నువ్వు కోసినవు గదనే!"

"వదినా, జర ఊకో," అన్నాడు రాజలింగు.

రజిని కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆమె తల్లికి తగ్గ కూతురే, ఊరుకోలేదు.

"నేనొక్కదాన్నే కోసిన్నా? సోమవారం పంపిన నీకు. పొద్దున ఇన్నవ్, మాపు ఇన్నవ్. బాగున్నది బిడ్డా, బంగారంలెక్క ఉన్నదని నా నెత్తి మీద ముద్దు పెట్టినవ్. నలభై ఏండ్లు ఆయన పక్కన నిలవడి పాడినదానివి నువ్వు. ఆయన లేడని నీకే తెల్వకపాయె, నాకెట్ల తెలుస్తదమ్మా?"

ఈరమ్మ చేతిలోని ఫోను వైపు చూసింది. కూతురు అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఐదు రోజులు, రోజుకు ఐదారు సార్లు, కళ్లు మూసుకుని మరీ విన్నది. తన గొంతు తీపికి తానే మత్తెక్కి, పక్కన మొగుడు లేని సంగతే కనిపెట్టలేకపోయింది. ఆయన మాత్రం మొదటిసారే కనిపెట్టి ఉంటాడు, ఆమె మురిపెం పాడుచేయడం ఇష్టం లేక నోరు మూసుకుని ఉంటాడు. ఆ తలపు రాగానే ఈరమ్మకు సిగ్గుతో ముఖం మండిపోయింది. ఆమె చెప్పులేసుకుని, ఫోను కొంగున ముడేసుకుని బయటపడింది.

ఎంకన్న ఎక్కడుంటాడో ఆమెకు తెలుసు. ఆయన పాతికేళ్లు క్యాంపస్‌లో మాలి పని చేశాడు. మనసు బాగోలేకపోతే లేడీస్ హాస్టల్ ముందు తోటలో వచ్చి కూర్చుంటాడు. తార్నాక చౌరస్తాలో ఆటో ఎక్కి, దారంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆమె ఆ పాటే మళ్లీ మళ్లీ విన్నది. ఈసారి మురిసిపోవడానికి కాదు.

ఎంకన్న గన్నేరు చెట్ల కింద గొంతుక్కూర్చుని గడ్డి పీకుతున్నాడు. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆ చేతులు ఊరికే ఉండవు. ఈరమ్మ ఆయాసపడుతూ వచ్చి పక్కన కూలబడింది.

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్పేదేమున్నది? నువ్వు చిన్నపిల్ల లెక్క ఖుషీగ ఉంటివి. మంచిగనే వచ్చింది నీ గొంతు. నిజంగనే మంచిగ వచ్చింది."

"ఐదు రోజులు విన్న. నువ్వు లేవని నాకు తెల్వలే."

ఎంకన్న చేయి గడ్డి మీద ఆగిపోయింది. ఆమె తన అంత తాను ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు.

"ఆటోల కూసొని ఎందుకు తెల్వలేదా అని మల్ల విన్న," అంది ఈరమ్మ. "ఇంటుంటే తెలిసింది. ప్రతి చరణానికి ముందల నువ్వు చెప్తనే ఉన్నవయ్యా. ఫోన్ల గాదు, నా లోపట. నలభై ఏండ్ల సంది నువ్వు చెప్పంది నేను నోరు తెరిచిన్నా? నీ మాట నాకు ఇనబడ్తనే ఉండె. ఇంక లేవని ఎట్ల తెలుస్తది?"

ఎంకన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, చెమటకే అన్నట్టు.

"అబద్ధమాడుతున్నవా ఏందే? ప్రార్థన మనుషులం మనం."

"ఒట్టు పెట్టద్దంటది బైబిలు. లేకుంటే పెడుదును."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్లు నిండాయి. ఆమె ఆయన చేతికున్న మట్టి తన కొంగుతో తుడిచింది. హాస్టల్ మెట్ల మీద చదువుకుంటున్న పిల్లలు చూస్తారన్న ధ్యాస కూడా ఇద్దరికీ లేకపోయింది.

"ఇంటికి పోదాం పా. కానీ ప్రాక్టీసుకు మాత్రం రానే," అన్నాడాయన కాసేపటికి. "పిల్లల పాట వాళ్లది. నడుమ నా బొంగురు మాట అడ్డమెందుకు?"

అంతలో గేటు దగ్గర స్కూటీ ఆగింది. రజిని దిగి పరుగెత్తుకొచ్చింది, వెనకే హేమంత్. కర్నూలు నుంచి ఉద్యోగానికి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడ్డవాళ్ల అబ్బాయి. గిటారు పట్టుకుంటే పులి, మిగతా వేళల్లో పిల్లి.

"నాయినా," అని రజిని తండ్రి ముందు మట్టిలోనే కూర్చుండిపోయింది. "తప్పయింది. నాకు తెల్వలే. మన చర్చిల స్క్రీన్ చూసుకుంట పెరిగిన గదా, నువ్వు అందించేది ఎవరికో నాకు తెల్వలే."

"ఎవరికంటే? పాట రానోళ్లకు బిడ్డా. వచ్చినోళ్లకు నేనెందుకు?"

హేమంత్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అంకుల్, ఎడిట్ చేసింది నేనే. మీరు చెప్పేది పాటలో భాగమని నాకు తట్టలేదు. మీరు రండి. మీరు మాట్లాడేటప్పుడు మేం అసలు వాయించం."

ఎంకన్న వాడిని ఎగాదిగా చూశాడు. అలిగిన పెద్దమనిషి దిగిరావడానికి ఒక మెట్టు కావాలి, అది దొరికింది.

"వాయించకుంటే మీరెందుకు మరి? వాయించు. నా మాట మీద జర మెల్లగ వాయించు. గంతే."

ఆదివారం సాయంత్రం ఆడిటోరియం నిండింది. నాలుగైదు వందల మంది పిల్లలు. హాస్టళ్ల నుంచి నడిచి వచ్చినవాళ్లు, హేమంత్ గిటారు కోసం వచ్చినవాళ్లు, ఏమీ తోచక వచ్చినవాళ్లు. అందులో చర్చి మెట్లు ఎక్కినవాళ్లు తక్కువ, ఈ పాట తెలిసినవాళ్లు అసలే లేరు. ఒకవైపు గిటారు, కీబోర్డు, ఒకవైపు రాజలింగు డోలక్. నడుమ రెండు మైకులు, ఒకటి ఈరమ్మకు, ఒకటి ఎంకన్నకు.

"ఎండిన వాగుల ఊట నీవే తండ్రీ," అని ఎంకన్న మాటగా చెప్పాడు. రాపిడి పెట్టినట్టున్న ఆ గొంతు విని ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆగాడు. మైకు దగ్గరికి జరిగాడు.

"మీకే చెప్తున్న బిడ్డా. మీకు రాదని ఎరికే. నేను చెప్త, మీరు అందుకోండ్రి. తప్పువోయినా ఏం గాదు." మళ్లీ చెప్పాడు. "ఎండిన వాగుల ఊట నీవే తండ్రీ..."

గిటారు ఆయన మాట కింద సన్నగా పలికింది. ముందు ఈరమ్మ, రజిని అందుకున్నారు, తర్వాత పది గొంతులు, వంద గొంతులు. "దూప తీర్చిన చేయి నీదే తండ్రీ," అని ఆయన రెండోది చెప్పగానే హాలు హాలంతా లేచి పాడింది. రాని పాటను నాలుగైదు వందల మంది ఎన్నాళ్లుగానో వచ్చినట్టు పాడారు. రజిని పాడుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ పాడుతోంది.

ఎంకన్న మూడో చరణం చెప్పాడు. హాలు అందుకుంది. పక్క మైకు నుంచి మాత్రం గొంతు రాలేదు. ఆయన తిరిగి చూశాడు. ఈరమ్మ మైకు ముందు నిలబడి, పెదవులు బిగబట్టి, పైట నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నలభై ఏళ్లలో ఆమె చరణం తప్పడం అదే మొదలు.

ఎంకన్న తన మైకు మీద చేయి అడ్డం పెట్టి ఆమె వైపు వంగాడు.

"ఏందే, నీకు గూడ మల్ల చెప్పాల్నా?"

"చెప్పు," అంది ఈరమ్మ. "మల్ల చెప్పు."