నిద్ర పట్టనివాళ్లు కావలెను

పరీక్షలు దగ్గరపడి, కంటికి కునుకు లేక తిరుగుతున్నప్పుడు, యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో తలుపు తీసిన గదిలో చక్కగా దుప్పటి పరిచిన మంచం కనిపిస్తే మీరేం చేస్తారు? నేనూ అదే చేశాను.

"హలో మాస్టారూ! లేవండి! అది పడుకోడానికి కాదు!"

కళ్లు తెరిచాను. తెల్లకోటు, జుట్టులో దోపిన పెన్సిలు, ముక్కు మీద కోపం.

"పడుకోడానికి కాకపోతే మంచమెందుకు వేశారండీ?"

ఆమె ఫక్కున నవ్వేసింది. అంతే, నా పని అయిపోయింది.

విద్యార్థుల నిద్ర మీద ఆమె రీసెర్చ్. తలుపు మీద 'నిద్ర పట్టనివాళ్లు కావలెను' అని కాగితం కూడా ఉంది. "నేనున్నానుగా!" అన్నాను. నా చేతికో బ్యాండ్ కట్టింది. ఎంతసేపు పడుకున్నానో, ఎంతసేపు దొర్లానో అది చెప్పేస్తుందట. వారం వారం వచ్చి చూపించాలి.

"పడుకునే ముందు ఫోన్ ముట్టుకోకండి. సాయంత్రం కాఫీ మానెయ్యండి."

"కాఫీ అంటే గుర్తొచ్చింది. ఓసారి మీరూ నేనూ..."

"స్టడీలో ఉన్నవాళ్లతో కాఫీలూ గీఫీలూ కుదరవు. రూలు!" అంది. అంది గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె మాట జవదాటకపోవడంతో అసలు చిక్కు వచ్చిపడింది. నాకు శుభ్రంగా నిద్ర పట్టేస్తోంది! బాగుపడినవాళ్లను స్టడీ నుంచి పంపేస్తారు. పంపేస్తే ఆమెను చూసేదెలా?

"పిచ్చోడా, ఆ బ్యాండ్ రాత్రంతా మేలుకునే మనిషి చేతికి కట్టెయ్," అన్నాడు సలహాలకు పెట్టింది పేరైన మా రూమ్మేట్. "మన హాస్టల్ వాచ్‌మన్ బాబాయ్ లేడూ?"

బాబాయ్ సంబరపడిపోయాడు. "వాచీయా బాబూ? టైము చూపిస్తదా?"

"అంతకంటే ఎక్కువే చూపిస్తుంది బాబాయ్."

చూపించింది! ఆ వారం కంప్యూటర్ ముందు ఆమె కళ్లు ఇంతలేసి అయ్యాయి.

"అబ్బ, ఏం నిద్రండీ! పసిపాపలు కూడా ఇలా పడుకోరు. మీరు పూర్తిగా బాగుపడిపోయారు. ఇవాళ్టితో మీ పేరు తీసేస్తున్నా."

"కొంప ముంచావు కదయ్యా బాబాయ్!" పైకే అనేశాను.

"ఏ బాబాయ్?"

ఇక దాచి లాభం లేదు. "అది నా నిద్ర కాదండీ, మా వాచ్‌మన్‌ది. నాకూ బాగానే పడుతోంది. చెబితే పంపేస్తారని భయం. మీరంటే ఇష్టమండీ, చాలా."

"నా రీసెర్చ్‌తో ఆటలా?" ఆ వారం లెక్కంతా చెరిపేసింది. నా పేరు కూడా చెరిపేసింది. బ్యాండ్ బల్ల మీద పెట్టి, ఏడుపుమొహంతో తలుపు దాకా వెళ్లాను.

"ఎక్కడికి?"

"మీరే పంపేశారుగా."

"పంపింది స్టడీలోంచి, గదిలోంచి కాదు." తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించింది. "మీరెప్పుడు బాగుపడతారా, ఆ రూలు పీడ ఎప్పుడు వదులుతుందా అని నేను కాచుక్కూచుంటే, ఇవేం తెలివితేటలండీ? ముందే చెప్పి ఉంటే పోయిన వారమే కాఫీకి వెళ్లేవాళ్లం కదా, మొద్దూ!"

నా కాళ్లు నేల మీద ఆనలేదు. "పదండి, ఇప్పుడే తాగుదాం!"

"సాయంత్రమైంది. కాఫీ నాకు, మీకు పాలు."

బుద్ధిగా పాలే తాగాను. అయినా ఆ రాత్రి ఆనందంతో నా కంటి మీద కునుకు వాలితే ఒట్టు. కిందన గేటు దగ్గర బాబాయ్ మాత్రం హాయిగా గుర్రు పెడుతున్నాడు.