ఆగకుండా ఆడిన వీడియో

హార్డ్‌డిస్క్ లేదు. దాని వైరు మాత్రం బల్ల అంచున వేలాడుతోంది.

సాయంత్రం 4:30కి పళ్ళ డాక్టర్ దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఎడిటర్ మొదట చూసింది ఆ వైరునే. 4:35కి స్టేషన్‌కు ఫోన్ చేశాడు. 4:50కి ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కింది. స్టేషన్‌లో ఆమెను వెనకాల "నిదానం మేడమ్" అంటారు. ఆమెకూ తెలుసు. నిదానమే ప్రధానమని ఊరుకుంది.

మేడ మీద ఒకే గది. తాళం పగల్లేదు. తాళంచెవి ఎప్పుడూ కరెంటు మీటరు వెనకే ఉంటుంది. ఆ సంగతి ఇక్కడికి వచ్చిపోయే వాళ్ళందరికీ తెలుసు. అలాంటి తాళం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"డిస్క్‌లో ఏముంది?"

"ఒక మనిషి చివరి మాటలు, మేడమ్."

మిల్లు మిషన్‌లో చెయ్యి పోగొట్టుకున్న ఆపరేటర్. మిషన్‌కు అడ్డంగా ఉండాల్సిన గార్డు రేకు ఎవరు తీయించారో, ఎందుకు తీయించారో ఆసుపత్రి మంచం మీద చెప్పాడు. రెండు రోజులపాటు, ఆయాసపడుతూ, మొత్తం గంటా పది నిమిషాలు. సొంత తమ్ముడే క్యామ్‌కార్డర్‌తో తీశాడు. మూడో రోజు ఆపరేటర్ పోయాడు.

రేపు ఉదయం విచారణ. ఆ వీడియో లేకపోతే "తాగొచ్చి వాడే చెయ్యి పెట్టాడు" అన్న మిల్లు మాటే నిలబడుతుంది. భార్యకు మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

"క్యామ్‌కార్డర్ కార్డు?"

"పొద్దున కాపీ చేసుకుని ఆయన తమ్ముడికి తిరిగిచ్చేశాను. దారిలో ఎక్కడో పడిపోయిందంటున్నాడు."

"కాపీ పొద్దునే అయిపోతే, సాయంత్రం దాకా డిస్క్‌తో ఏం పని?"

ఎడిటర్ కంప్యూటర్ నెత్తిన చెయ్యి వేశాడు.

"ఇది ముసలిది మేడమ్. క్యామ్‌కార్డర్ ఫైళ్ళు దీనికి అరగవు. చూడండి."

ఇంకేదో స్కూల్ వీడియో పెట్టాడు. పరుగు పందెం. ఓ పిల్ల కాలు ఎత్తింది. అలాగే ఉండిపోయింది. చప్పట్లు వినిపించాయి గానీ పిల్ల కదల్లేదు. ఉన్నట్టుండి గీత అవతల తేలింది. ఇన్‌స్పెక్టర్‌కు నవ్వొచ్చింది.

"అందుకే ముందు తేలిక రకంలోకి మార్చుకోవాలి. గంట వీడియోకి నాలుగు గంటలు. మొత్తం పూర్తయ్యేదాకా కొత్త ఫైలు తెరుచుకోదు. పదకొండింటికి పెట్టాను. దీనిలో చోటు లేక పాతదీ కొత్తదీ ఆ డిస్క్‌లోనే."

6:00. ఆరోజు ఆ మెట్లెక్కిన వాళ్ళు, ఆపరేటర్ భార్య, అందరూ ఆ గదిలోనే.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు మేడమ్," అన్నాడు కానిస్టేబుల్, ఎడిటర్ వైపు ఓరగా చూస్తూ.

"ఈశ్వరుడికి ఈ కంప్యూటర్ లేదుగా," అంది ఇన్‌స్పెక్టర్.

మొదట మిల్లు సూపర్‌వైజర్.

"ఎప్పుడొచ్చారు?"

"ఒంటిగంటకి. వీడియోలో ఏముందో కనుక్కుందామని. ఈయన చెప్పలేదు. వెళ్ళిపోయాను."

1:40 నుంచి మిల్లు గేటు కెమెరాలో ఉన్నాడు. మళ్ళీ బయటికి రాలేదు.

తర్వాత ఎడిటర్.

"ఎన్నిసార్లు బయటికెళ్ళారు?"

"రెండుసార్లు. 1:45 నుంచి 2:30 భోజనం. 3:30 నుంచి 4:30 పళ్ళ డాక్టర్."

డాక్టర్ అవునన్నాడు.

చివరికి తమ్ముడు. కింద టైలర్ ఇతను మెట్లెక్కడం చూశాడు. టైమ్ గుర్తులేదన్నాడు.

"రెండింటికి వచ్చాను మేడమ్. ఎవరూ లేరు. తాళం తీసుకుని లోపలికొచ్చాను. అన్నని చూడాలనిపించింది. చివరి కాసేపు చూసి వెళ్ళిపోయాను. అప్పుడు డిస్క్ ఇక్కడే ఉంది."

"వాడి మీద అనుమానం పెట్టుకోకండమ్మా," అంది ఆపరేటర్ భార్య. "నేను కాపురానికొచ్చేనాటికి పదేళ్ళవాడు. నా చేత్తో పెట్టింది తిని పెరిగాడు."

ఇన్‌స్పెక్టర్ తలూపింది.

"అన్న బాగా కనిపించాడా?"

"ఎదురుగా ఉన్నట్టే. చివర్లో మిగిలిన చెయ్యి ఎత్తి, 'మీ వదిన జాగ్రత్తరా' అన్నాడు. ఎక్కడా ఆగకుండా ఆడింది మేడమ్. ఏడుపు ఆపుకోలేకపోయాను."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ మూసింది.

"ఎడిటర్ గారూ, ఆ పరుగు పందెం మళ్ళీ పెట్టండి."

పిల్ల కాలెత్తి ఆగిపోయింది. గదిలో అందరూ చూశారు.

"క్యామ్‌కార్డర్ ఫైలు ఈ కంప్యూటర్‌లో ఇలా ఆడుతుంది. ఆగకుండా ఆడిందంటే నువ్వు చూసింది మార్చిన ఫైలు. అదెప్పుడు పూర్తయింది?"

ఎడిటర్ మార్చే ప్రోగ్రాం తెరిచాడు. డిస్క్ పోయినా ప్రోగ్రాం రాసుకున్న టైముల చిట్టా, లాగ్, కంప్యూటర్‌లోనే ఉంది. మొదలు 11:00. పూర్తి 3:41.

"రెండింటికి ఆ ఫైలే లేదు బాబూ. 3:41 తర్వాతే చూశావు. 4:30కి ఎడిటర్ వచ్చేసరికి డిస్క్ లేదు. మధ్యలో ఇక్కడున్నది నువ్వొక్కడివే."

తమ్ముడు జేబులోంచి స్కూటర్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"అన్న పోస్టు నాకే ఇస్తామన్నారు. పర్మనెంట్‌గా." సూపర్‌వైజర్ వైపు చూశాడు. సూపర్‌వైజర్ నేల చూశాడు. "కార్డు విరిచేశాను. డిస్క్ పారేయడానికి చేతులు రాలేదు. స్కూటర్ డిక్కీలో ఉంది."

కానిస్టేబుల్ పరుగున వెళ్ళి తెచ్చాడు. ఎడిటర్ వైరు తగిలించాడు. ఫైలు పదిలంగా ఉంది. విచారణకు ఢోకా లేదు.

ఆపరేటర్ భార్య పని మాత్రం నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. మరిది ముందుకొచ్చి నిలబడింది.

"చూశావు కదరా."

"వదినా..."

"'మీ వదిన జాగ్రత్త' అన్న మాట మళ్ళీ విన్నావు. విన్నాక వైరు పీకావు."

ఆమె ఇంకో అడుగు ముందుకేసింది.

"మళ్ళీ చూడకుండా పట్టుకెళ్ళి ఉంటే, ఆ మాట మరిచిపోయి చేశాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఆ సందు కూడా ఉంచలేదు నువ్వు."

కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. అంతవరకూ ఆ వీడియో చూసే ధైర్యం ఆమెకు లేదు.

"పెట్టండి బాబూ. చూస్తాను."

ఎడిటర్ మౌస్ మీద చెయ్యి వేశాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే ఇన్‌స్పెక్టర్‌తో అంది.

"వీణ్ణి బయటికి తీసుకెళ్ళండమ్మా. ఇది మా ఇంటి విషయం."