పై ముడత, కింది ముడత

పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి, కానీ ఈ ఆకు పైకీ కాదు కిందికీ కాదు, తమలపాకు చిలకలా పక్కకి చుట్టుకుంది, ఇలా చుట్టే పురుగేదీ లేదే అనుకుంటూ శశాంక్ ఫోన్‌లో ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

ఫోటో కింద ఝాన్సీ రాసింది: "మొక్క ఇలా అయిపోయిందండీ. ఉంచమంటారా, పీకేయమంటారా?"

శనివారం సాయంత్రం. బందరులో వాన ఇప్పుడే వెలిసింది. మేడ మీద పదకొండు కుండీలు, అన్నింటిలోనూ మిరప మొక్కలే. అస్సాం నుంచి విత్తనాలు తెప్పించి పెంచిన రకం. ఒక్క కాయ కోస్తే మన కాయలు ముప్పై కలిపి నూరినంత ఘాటు.

ఈ మేడగదికి వచ్చి మూడేళ్ళు. కాలేజీ ఆఫీసులో ఐదింటికి బీరువాకి తాళం వేశాక మర్నాడు పదింటిదాకా అతన్ని పేరు పెట్టి పిలిచే మనిషి ఉండడు. ఈ మొక్కల దగ్గర మాత్రం చేతులు ఎక్కడున్నాయో ప్రతి క్షణం గుర్తుంచుకోవాలి. కన్ను దురద పెట్టినా ముట్టుకోకూడదు. చేతుల్ని అంతగా గుర్తుంచుకుంటే మిగతావి గుర్తురావు. అందుకే పెంచుతున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఝాన్సీ వచ్చేదాకా ఎవరూ అడగనూ లేదు.

ఆమె ల్యాబ్ టెక్నీషియన్. కింది వాటాలో ఉండేది. మెట్ల దగ్గర ఎదురైతే ఇద్దరూ పక్కకి తప్పుకునేవాళ్ళు, అంతే పరిచయం. జూన్‌లో ఒక ఆదివారం అతను కాయలు కోస్తుంటే కింది నుంచి దగ్గు వినిపించింది. ఇద్దరి దగ్గు. గ్లవ్స్ తీయకుండానే మెట్లు దిగాడు.

వంటింట్లో ఝాన్సీ కుళాయి కింద చేతులు పెట్టి నిలబడి ఉంది. అవనిగడ్డ నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చిన హన్నా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. పొయ్యి మీద మూకుడు పొగలు కక్కుతోంది.

"మేడ మీద కాయలు కోశారా?"

"రెండేనండీ," అంది ఝాన్సీ. "దోసకాయ పచ్చడిలోకి. తుంచి నూనెలో వేశాను, అంతే."

"దివిసీమలో పుట్టిన దానికి మిరపకాయ కొత్తేంటి బాబూ," అంది హన్నా దగ్గుతూనే. "రెండు చాలవేమో అన్నాను కూడా."

శశాంక్ పొయ్యి ఆపి, కిటికీలు తెరిచాడు. చేతికున్న గ్లవ్స్ తీసి పారేసి, జేబులోంచి కొత్త జత తీసి వేసుకున్నాడు.

"కుళాయి కట్టేయండి. ఉత్త నీళ్ళకి పోదు. కొబ్బరినూనె రాయాలి."

"మండుతుంటే నూనె రాస్తారా ఎవరైనా?"

"కారం నూనెలోనే కరుగుతుందండీ. నూనెతో తుడిచి, తర్వాత సబ్బు, ఆ తర్వాత పెరుగు. కళ్ళు మాత్రం ముట్టుకోకండి."

"కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఎవరు తుడవాలి మరి?"

"కారనివ్వండి. మంచిదే."

"బాగా చెప్పారు," అందామె. ఏడుస్తూనే నవ్వింది.

ఒక్కొక్క వేలే నూనెతో తుడిచాడు. గ్లవ్స్‌లోంచి వేళ్ళ సన్నదనం తెలిసింది గానీ వేడి తెలియలేదు. ఆ వేడి ఎంత ఉంటుందా అని నాలుగు రోజులు ఆఫీసు కాగితాల మధ్య కూచుని ఆలోచించాడు. ఐదో రోజు ఆలోచించలేదని అనుకున్నాడు.

ఆదివారం ఆమే పైకి వచ్చింది. "నాకూ ఒక మొక్క ఇవ్వండి."

"ప్రమాదమండీ."

"నేర్పండి."

వానాకాలమంతా ఆదివారాలు అలా గడిచాయి. కాయ కోసేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు. విడిగా ఒక కత్తి. గింజలు ఆరబెట్టేది ఆరుబయటే, అదీ గాలి లేనప్పుడు.

"మా బ్లడ్ శాంపిల్స్‌కి కూడా ఇంత మర్యాద జరగదు," అనేది ఝాన్సీ. ఒకసారి మాత్రం అడిగింది. "తినరు, అమ్మరు, ఎవరికీ పెట్టరు. ఇవన్నీ ఎందుకండీ?"

"ఊరికే."

"ఊరికే అంటే నాకు చెప్పరన్నమాట."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

సెప్టెంబరులో ఆమెకి గుడివాడలో ఉద్యోగం వచ్చింది. కుండీ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూచుంది.

"దీనికి ఏమైనా అయితే?"

"ఫోటో పెట్టండి. చెప్తాను."

"వచ్చి చూడక్కర్లేదా?"

"ఫోటోలో తెలిసిపోతుందండీ."

ఆమె అతన్ని కాసేపు చూసి, ఆటో అబ్బాయితో పోనీయమంది.

నెలన్నరలో మూడు ఫోటోలు వచ్చాయి. మూడింటికీ పెద్ద జవాబులే రాశాడు. ఎంత ఎండ, ఎన్ని నీళ్ళు, ఏ ఎరువు. మూడుసార్లూ ఆమె "థాంక్సండీ" అంది. ఆ మాట తర్వాత ఏం రాయాలో అతనికి తెలియలేదు. గుడివాడ గంట ప్రయాణం కూడా లేదన్న సంగతి మాత్రం ప్రతిసారీ గుర్తొచ్చేది. పిలవకుండా ఎలా వెళ్తారు ఎవరైనా?

ఇది నాలుగోది. ఇంకొంచెం పెద్దది చేశాడు. వెనక ఆకులు నిగనిగలాడుతున్నాయి. రెండు పూలు కూడా వేసింది. ఫోటో అడుగు అంచున, చుట్టుకున్న ఆకు కాడ దగ్గర, పొట్టిగా కత్తిరించిన గోరు. గోటి పక్కన నీలం మార్కర్ మరక, శాంపిల్ సీసాల మీద పేర్లు రాసేది.

ఆకు దానంతటది చుట్టుకోలేదు. ఆమే చుట్టి పట్టుకుంది.

కాకపోవచ్చు. చూపించడానికి పట్టుకుందేమో. ఒంటరిగా ఉన్నవాడు గోటిలో కూడా పిలుపు చదువుకుంటాడు. అతను గబగబా టైప్ చేశాడు: "లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట..."

చదువుకున్నాడు. ఒక్క తప్పు లేదు. ఇది పంపితే థాంక్సండీ వస్తుంది. ఇక ఐదో ఫోటో రాదు. రేపు ఇదే మేడ మీద, ఈ పదకొండు కుండీల మధ్య, చేతులెక్కడున్నాయో చూసుకుంటూ తిరుగుతాడు.

మొత్తం చెరిపేశాడు.

"పీకకండి. మొక్కకేం కాలేదు. మిమ్మల్ని చూడాలని ఉంది. రేపు పొద్దున బండికి వస్తున్నాను."

బొటనవేలు తెర మీద ఆగింది. చినుకు మళ్ళీ మొదలై ఒకటి ఫోన్ మీదే పడింది. శశాంక్ దాన్ని చొక్కాకి తుడిచి, పంపేశాడు.